దిగువ అహోబిలం

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ మండలంలో, నల్లమల అంచున ఉన్న ఆలయ గ్రామం. 2022 దాకా కర్నూలు జిల్లాలో ఉండేది. తిరుమంగై ఆళ్వారు కీర్తించిన దివ్యదేశం. ఎగువ అహోబిలం ఇక్కడికి 8 కిలోమీటర్లు. నవనారసింహ క్షేత్రాలను చూడడానికి వచ్చినవాళ్లు సాధారణంగా ఇక్కడే దిగుతారు.

ఊరంతా ప్రహ్లాదవరద స్వామి గుడి చుట్టూ అల్లుకుంది. గుడి విజయనగర శైలిది. ఎదుట నిలిచిన జయస్తంభాన్ని శ్రీకృష్ణదేవరాయలదిగా చెబుతారు. హడావిడిగా దర్శనం చేసుకొని వెళ్లేవాళ్లు మండపం స్తంభాలను చూడనే చూడరు. అసలు నిలబడాల్సింది అక్కడే. ఒక్కో స్తంభం చుట్టూ తిరిగి చూడాలి. చెంచులక్ష్మి కాలిముల్లు తీస్తున్న నరసింహుడి శిల్పం ఈ క్షేత్రంలో ప్రసిద్ధం.

బజారు చిన్నది: పూజాసామాను, పటాలు, కొండెక్కేవారికి చేతికర్రలు. శిల్పాలు కొనాలంటే రాతి చెక్కడాలకు పేరున్న ఆళ్లగడ్డకు పోవాల్సిందే. తిండికి పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం సత్రాల భోజనం. రుచుల కోసం వచ్చే ఊరు మాత్రం కాదు. సంక్రాంతి తర్వాత పారువేటకు ఉత్సవమూర్తులు పల్లకిలో చుట్టుపక్కల పల్లెలకు బయలుదేరతారు. నలభై రోజులకు పైగా సాగే ఆ యాత్రలో స్వామే ఊరూరా అతిథి.