గాజు పలకలు చదివిన విలియమీనా

తిమింగలం రాశిలో మైరా అనే ఎర్రని నక్షత్రం ఉంది. సుమారు 332 రోజులకొకసారి బాగా వెలిగి, మళ్ళీ మామూలు కంటికి ఆనకుండా పోతుంది. 1596లో దాన్ని గమనించిన డేవిడ్ ఫాబ్రిసియస్ పేరు తేలిగ్గానే దొరుకుతుంది. అలాంటి నక్షత్రాలను గుంపులుగా పట్టుకున్న విలియమీనా ఫ్లెమింగ్ పేరు మాత్రం వెతుక్కోవాలి. సాహిత్యం చదువుకున్న నీకు ఖగోళశాస్త్రంతో పనేమిటని స్నేహితులు అడిగారు. ఒకరు చదివినదాన్ని ఇంకొకరి పేరున ఎందుకు రాస్తారన్నది నా పరిశోధనలోనూ ఉన్న ప్రశ్నే.

ఆమె 1857లో స్కాట్లాండులోని డండీలో పుట్టింది. భర్తతో బోస్టన్ వచ్చాక, కడుపుతో ఉండగా అతను వదిలేసి వెళ్ళాడు. హార్వర్డ్ నక్షత్రశాల డైరెక్టర్ ఎడ్వర్డ్ పికరింగ్ ఇంట్లో పనికి కుదిరింది. 1881లో నక్షత్రశాలలోనే ఉద్యోగంలో చేరింది. మగ సహాయకుల మీద విసుగెత్తిన పికరింగ్, మా పనిమనిషి మీకంటే నయం అన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. నాకు ఆ కథంటే చిరాకు. ఆమె తెలివి ఆయన విసుగులోంచి పుట్టినట్టుంటుంది. పద్నాలుగేళ్ళకే ఆమె డండీలో బడిపిల్లలకు పాఠాలు చెప్పిందన్న సంగతి అందులో ఉండదు.

దూరదర్శిని ముందు పట్టకం పెట్టి ఫోటో తీస్తే గాజు పలక మీద ఒక్కో నక్షత్రం వెలుగూ చిన్న పట్టీలా పరుచుకుంటుంది. ఆ పట్టీలను ఆమె భూతద్దంతో చదివేది. కొన్ని ఎర్ర నక్షత్రాల పట్టీల్లో నల్లని చారల మధ్య హైడ్రోజన్ గీతలు వెలుగుతూ కనిపించేవి. అలాంటిది కనబడితే అది చరతార అయి ఉండాలని ఆమె పసిగట్టింది. ఆకాశంలో అదే చోటును చూపే వేరే రోజుల పలకలు తీసి, వెలుగు మారిందో లేదో సరిచూసేది. నెలల తరబడి ఒక్కో నక్షత్రాన్నీ కాపు కాయనక్కర లేకపోయింది. 1907లో తాను కనిపెట్టిన 222 చరతారల అధ్యయనాన్ని ప్రచురించింది. మొత్తం 300 దాటాయి. దీన్ని ‘ఓపిక’ అని మెచ్చుకున్నవాళ్ళున్నారు. ఆడవాళ్ళ తెలివిని ఓపిక అనే మాటతో కప్పెయ్యడం మనకేం కొత్త కాదు.

ఆ గీతలు ఎందుకు వెలుగుతాయో తర్వాతి తరాలు చెప్పాయి. ముసలి నక్షత్రం ఉబ్బుతూ కుంగుతూ ఉంటుంది. ఆ ఊపుకు పుట్టిన అఘాత తరంగాలు పైపొరల్లోని హైడ్రోజన్‌ను వేడెక్కించి వెలిగిస్తాయి, వాయువును పైకి ఎగదోస్తాయి. ఎడంగా వెళ్ళి చల్లారిన వాయువులో ఇసుక జాతి సిలికేటు రేణువులో, కొన్ని నక్షత్రాల్లో మసిలాంటి కార్బన్ రేణువులో ముద్దకడతాయి. నక్షత్రకాంతి ఆ ధూళిని బయటికి నెడుతుంది, ధూళి వాయువును వెంట లాక్కుపోతుంది. అలా నక్షత్రం చుట్టూ ఒక తొడుగు అల్లుకుని అంతరిక్షంలోకి చెదిరిపోతుంది. సిలికేటు ధూళి ఆనవాళ్ళు 1960ల చివర్లో పరారుణ కాంతిలో దొరికాయి. 2007లో గాలెక్స్ ఉపగ్రహం తీసిన చిత్రాల్లో మైరా వెనక 13 కాంతి సంవత్సరాల పొడవున తోక కనబడింది. సుమారు 30,000 ఏళ్ళుగా అది రాల్చుకుంటూ వచ్చిన పదార్థం అది. ఫ్లెమింగ్ ఈ తొడుగును చూడలేదు. దాన్ని ఎగదోసే అలల గుర్తును చూసింది, గుర్తుగా వాడుకుంది.

పేరు సంగతికొస్తే, 10,351 నక్షత్రాల పట్టిక 1890లో పికరింగ్ పేరుతోనే వచ్చింది. అందులో ఆమె పనిని ఆయన ప్రస్తావించాడు, నిజమే. 1888 నాటి పలక మీద ఆమె గుర్తించిన గుర్రపుతల నీహారిక, అదీ ధూళిమేఘమే, 1895 నాటి జాబితాలో ఆయన ఖాతాలోకి వెళ్ళింది.

1900లో హార్వర్డ్ రాబోయే తరాల కోసం ఒక పెట్టెలో దాచడానికి కొందరి చేత దినచర్య రాయించింది. ఆమె అందులో జీతం గురించి రాసింది: తనకు ఏడాదికి 1500 డాలర్లు, కొందరు మగవాళ్ళకు 2500. ఆడవాళ్ళకు అది మంచి జీతమేనని పికరింగ్ అన్నాడట. మగవాళ్ళలాగే తనకూ నడపాల్సిన ఇల్లు, పోషించాల్సిన కుటుంబం ఉన్నాయని ఆయనకు ఎప్పుడైనా తోస్తుందా అని అడిగింది. అప్పటికి కొడుకు కాలేజీలో చదువుతున్నాడు. పెట్టెలో ఇలాంటి పేజీ కూడా చేరుతుందని దాచినవాళ్ళు అనుకున్నారో లేదో.