పైలట్ల అలసట, విశ్రాంతి, అనారోగ్య సెలవు

విమానయాన సంస్థల్లో పనిచేసే పైలట్ల పనివేళలను రెండు వేర్వేరు పత్రాలు నిర్ణయిస్తాయి. మొదటిది, ఎంతసేపు విమానం నడపవచ్చో, రెండు డ్యూటీల మధ్య ఎంత విశ్రాంతి ఉండాలో చెప్పే ప్రభుత్వ నిబంధన. రెండవది, జీతాన్ని, సెలవులను, రోస్టరును, అంటే ఎవరు ఏ రోజు ఏ విమానం నడపాలో ముందుగా తయారుచేసే పట్టికను, నియంత్రించే ఉద్యోగ ఒప్పందం. నిబంధన చెప్పినదానికంటే ఎక్కువ విశ్రాంతిని ఒప్పందం ఇవ్వవచ్చు గాని, తక్కువ ఇవ్వడానికి వీల్లేదు. ఈ రెండింటి నడుమ విశ్రాంతి, అలసట, అనారోగ్యం అనే మూడు అంశాలు తరచూ ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. నిజానికి మూడింటికీ ఆధారాలు వేరు, హక్కులు వేరు, ఫలితాలూ వేరు.

విమానయానంలో అలసట అంటే పని ముగిశాక ఎవరికైనా కలిగే మామూలు బడలిక కాదు. నిద్ర చాలకపోవడం, చాలాసేపు మెలకువగా ఉండడం, దేహంలోని జీవగడియారం నిద్ర కోరే వేళలో పనిచేయవలసి రావడం, పనిభారం అనే కారణాల వల్ల మనిషి చురుకుదనం, నిర్ణయశక్తి తగ్గిపోయే శారీరక స్థితినే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ అలసటగా నిర్వచించింది. పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్న వ్యక్తి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న వ్యక్తి పనితీరుతో సమానంగా దిగజారుతుందని డాసన్, రీడ్ అనే పరిశోధకులు 1997లో చూపారు. తెల్లవారుజామున 2 నుంచి 6 గంటల మధ్య ఈ క్షీణత తీవ్రంగా ఉంటుంది కాబట్టే చాలా నిబంధనలు ఆ వేళను ప్రత్యేకంగా చూస్తాయి.

కాక్‌పిట్‌లో చురుకుదనం తగ్గితే ఎంత ప్రమాదమో మంగళూరు ఘటన చూపింది. 2010 మే 22న దుబాయి నుంచి రాత్రి బయలుదేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఉదయం మంగళూరులో దిగుతూ రన్‌వే దాటి లోయలో పడగా, 166 మందిలో 158 మంది మరణించారు. కెప్టెన్ ప్రయాణంలో సగానికి పైగా నిద్రపోయాడనీ, మేల్కొన్న వెంటనే మెదడు పూర్తిగా తేరుకోని మగత స్థితి ఆయన నిర్ణయాలను దెబ్బతీసి ఉంటుందనీ విచారణ సంఘం తేల్చింది. విమానాన్ని మళ్లీ పైకి లేపాలని కో-పైలట్ చేసిన హెచ్చరికలు ఫలించలేదు.

భారతదేశంలో పైలట్ల పనివేళల, విశ్రాంతి పరిమితులను పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, నిర్దేశిస్తుంది. పైలట్ల వాడుకలో వీటిని ఎఫ్‌డీటీఎల్ అంటారు. విమానం కదిలినప్పటి నుంచి తిరిగి నిలిచేదాకా గడిచేది ఫ్లైట్ టైమ్ కాగా, పైలట్ డ్యూటీకి హాజరైన క్షణం నుంచి చివరి విమానం ఇంజన్లు ఆపేదాకా సాగేది ఫ్లైట్ డ్యూటీ కాలం. ఆలస్యాల వల్ల పెరిగేది ఎక్కువగా రెండవదే కాబట్టి పైలట్ గమనించవలసిందీ అదే. 2024 జనవరిలో సవరించిన నిబంధనలు వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచాయి; అర్ధరాత్రి నుంచి ఉదయం 5 వరకు ఉన్న రాత్రివేళను 6 వరకు పొడిగించాయి; రాత్రివేళను తాకే డ్యూటీలో ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గించాయి. విమానయాన సంస్థల అభ్యంతరాలు, ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యాల నడుమ అమలు వాయిదా పడుతూ వచ్చి, చివరకు 2025 జూలై 1, నవంబరు 1 తేదీల్లో రెండు దశలుగా జరిగింది.

సెలవును వారపు విశ్రాంతిగా లెక్కించరాదన్న నియమం వీటన్నిటిలోకి లోతైనది. పైలట్ మూడు రోజులు సెలవు పెడితే, ఆ వారం ఇవ్వవలసిన 48 గంటల విశ్రాంతి కూడా అందులోనే తీరిపోయిందని సంస్థ లెక్కవేసుకోవడానికి ఈ నియమం అడ్డుపడింది. సెలవు ఉద్యోగి సంపాదించుకున్న హక్కు, విశ్రాంతి ప్రయాణికుల భద్రత కోసం చట్టం విధించిన బాధ్యత. ఒకదాని ఖాతాలోంచి మరొకటి చెల్లించడం న్యాయం కాదు. జ్వరంతో మంచం పట్టిన రోజులను విశ్రాంతిగా రాసుకోవడం ఇంకా అన్యాయం. అయితే కొత్త నిబంధనలకు తగినంతగా సిద్ధపడకపోవడంతో 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో సర్వీసులు వేల సంఖ్యలో రద్దయి, శంషాబాద్‌తో సహా దేశంలోని విమానాశ్రయాల్లో ప్రయాణికులు చిక్కుకుపోయారు. ఆ ఒత్తిడిలో డీజీసీఏ డిసెంబరు 5న ఈ సెలవు నియమాన్ని ఉపసంహరించి, రాత్రి డ్యూటీ నియమాల నుంచి ఇండిగోకు 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు ఇచ్చింది. పైలట్ల సంఘాలు దీన్ని గట్టిగా వ్యతిరేకించాయి.

అనారోగ్య సెలవు ప్రధానంగా ఒప్పందానికి సంబంధించినది. ఏడాదికి ఎన్ని రోజులు, వైద్యుని ధ్రువపత్రం ఎప్పుడు కావాలి, ఎగిరిన గంటల మీద వచ్చే భత్యం పోతుందా అన్న ప్రశ్నలకు జవాబు అందులోనే దొరుకుతుంది. ఒంట్లో బాగాలేని పైలట్ ధైర్యంగా ఇంట్లో ఉండగలడా లేదా అన్నది చాలావరకు ఈ షరతుల మీదే ఆధారపడుతుంది. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫెలో సమీపంలో కూలి 50 మందిని బలిగొన్న కోల్గన్ ఎయిర్ విమానంలో, కో-పైలట్ రాత్రంతా సియాటిల్ నుంచి ప్రయాణించి డ్యూటీకి వచ్చింది. తనకు ఒంట్లో బాగాలేదనీ, ఇప్పుడు సెలవు పెడితే కోలుకునేదాకా సొంత ఖర్చుతో హోటల్లో ఉండవలసి వస్తుందనీ ఆమె అన్న మాటలు కాక్‌పిట్ రికార్డరులో నిలిచాయి. ఈ ప్రమాదం తర్వాత రూపొంది 2014 జనవరిలో అమల్లోకి వచ్చిన అమెరికా నిబంధన, డ్యూటీకి ముందు 10 గంటల విశ్రాంతిని, అందులో 8 గంటల నిరంతర నిద్రకు అవకాశాన్ని తప్పనిసరి చేసింది. దాని ప్రకారం, తాను నడపగల స్థితిలో ఉన్నానని ప్రతి పైలట్ ధ్రువీకరించాలి. అలసిన పైలట్ డ్యూటీ స్వీకరించరాదు, సంస్థ అప్పగించరాదు. అయితే సరకు రవాణా విమానాలకు ఈ నిబంధన వర్తించదు.

జబ్బు చేయకపోయినా అలసట వల్ల నడపలేనని చెప్పడం మూడవ అంశం. అమెరికాలో పైలట్ల సంఘాలు సంస్థలతో ఉమ్మడిగా కుదుర్చుకునే ఒప్పందాల్లో దీనికి విడిగా ఏర్పాటు ఉంటుంది: ఇరుపక్షాల సభ్యులతో కూడిన కమిటీ కారణాన్ని పరిశీలిస్తుంది, లోపం రోస్టరుదైతే జీతం దక్కుతుంది, విశ్రాంతిని పైలటే వృథా చేసుకుంటే ఆ గంటలు అనారోగ్య సెలవు ఖాతాలోంచి పోవచ్చు. ఇలాంటి దారి లేని చోట అలసిన పైలట్ జబ్బు అని రాస్తాడు. అప్పుడు రోస్టరులోని లోపం నమోదు కాకుండా పోయి, తర్వాతి నెల అదే రోస్టరు మరొకరి చేతికి వస్తుంది. అందువల్ల ఒప్పందం మీద సంతకం పెట్టే పైలట్ జీతం అంకె కంటే ముందు చూడవలసింది, అలసట నివేదికకు విడి నిబంధన ఉందా, ఆ నివేదిక ఇచ్చినవారికి శిక్ష నుంచి రక్షణ ఉందా అన్న విషయాన్నే.