మాతృభాష గడిలో చోటు లేని భాష

జనగణనకు ఇంటింటికీ తిరిగే ఉద్యోగులకు ఇచ్చే సూచనల్లో మాతృభాషకు ఒక నిర్వచనం ఉంటుంది. చిన్నతనంలో తల్లి తనతో మాట్లాడిన భాషే మాతృభాష. ఆ వెంటనే ఇంకో మాట కూడా ఉంటుంది: పసిపిల్లలు, మూగ చెవిటివారి విషయంలో తల్లి మామూలుగా మాట్లాడే భాషను రాసుకోవాలి. దశాబ్దాల పాటు ఈ సూచన ఇలాగే కొనసాగింది. అమ్మ నోటి నుంచి ఒక్క మాటా వినకుండా పెరిగి, నలభై ఏళ్లుగా సైగల్లోనే బేరమాడి, పోట్లాడి, పిల్లల్ని పెంచి పెద్దచేసిన మనిషికి కూడా ఆ గడిలో 'తెలుగు' అనే పడుతుంది. 2011 జనగణనలో వినికిడి లోపం ఉన్నవారు సుమారు 50.7 లక్షల మందిగా తేలారు. వాళ్ల చెవులు లెక్కకు వచ్చాయి, వాళ్ల భాష రాలేదు. బధిరుల కోసం మన దేశంలో జరిగిన ప్రభుత్వ ప్రయత్నాల చరిత్రనంతా ఈ రెండు లెక్కల తేడాతో చదువుకోవచ్చు.

గొంతు పలికితేనే చదువు

కథ 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో మలుపు తిరిగింది. అక్కడ జరిగిన బధిర విద్యా మహాసభ, పిల్లలకు పెదవుల కదలిక చదవడం, గొంతుతో పలకడం నేర్పాలనీ, సైగలను తరగతి గదిలోంచి తీసేయాలనీ తీర్మానించింది. ఓటు వేసినవారిలో దాదాపు అందరూ వినగలిగినవారే. మన దేశంలో బధిరుల బడులు సరిగ్గా ఆ తర్వాతే మొదలయ్యాయి. 1880ల మధ్యలో బొంబాయిలో, 1893లో కలకత్తాలో, ఆ దశాబ్దంలోనే తమిళ నేల మీద పాళయంకోట్టైలో అవి వెలిశాయి. నోటితో పలికించడమే చదువన్న మిలాన్ పట్టు క్రమంగా మన బధిర విద్యనూ కమ్ముకుంది. ఎన్నో బడుల్లో సైగ చేయడం తప్పయింది.

అయినా సైగల భాష చావలేదు. పాఠం చెప్పే గదిలో అణచివేసిన భాషను పిల్లలు హాస్టలు గదుల్లో, భోజనాల వరుసల్లో, ఆటస్థలంలో ఒకరికొకరు నేర్పుకున్నారు. పెద్దయ్యాక బధిరుల సంఘాల్లో దాన్ని నిలబెట్టుకున్నారు. ఏ ప్రభుత్వమూ పోషించకుండా, ఒక్క పాఠ్యపుస్తకమూ లేకుండా వందేళ్లు బతికిన భాష అది.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం చేయి చాపింది గానీ, ఆ చేయి ముందుగా చెవినే తాకింది. 1981లో వినికిడి యంత్రాల వంటి సహాయ ఉపకరణాలు అందించే పథకం వచ్చింది. 1983లో ముంబయిలో వినికిడి లోపాల జాతీయ సంస్థ ఏర్పడింది. దానికి పెట్టిన పేరు మన హైదరాబాదు బిడ్డది: ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసిన అలీ యావర్ జంగ్. సికింద్రాబాదులో ఆ సంస్థకు ప్రాంతీయ కేంద్రం ఉంది. వినికిడి పరీక్షలు, మాట నేర్పే చికిత్స, ఉపాధ్యాయ శిక్షణ వంటి అవసరమైన పనులెన్నో అక్కడ జరిగాయి. 1995 నాటి వికలాంగుల చట్టం వినికిడి లోపమున్న విద్యార్థులకు భాష విషయంలో ఇచ్చిన వెసులుబాటు ఏమిటంటే, పాఠ్యప్రణాళికలో ఒకే భాష తీసుకుంటే చాలునన్నది. భారం తగ్గించాలన్న మంచి ఉద్దేశమే. కానీ ఆ పిల్లలకు సొంత భాష ఒకటి ఉందన్న స్పృహ అందులో లేదు.

వ్యాకరణం దొరికింది

ఆ స్పృహ ప్రభుత్వ కార్యాలయాల్లో కన్నా ముందు పరిశోధకుల్లో కలిగింది. 1970ల చివర్లో మదన్ వశిష్ఠ, జేమ్స్ వుడ్‌వర్డ్ తదితరులు ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, బెంగళూరు నగరాల్లో బధిరుల సైగలను సేకరించి పోల్చి చూశారు. వశిష్ఠ స్వయంగా బధిరుడు. హిమాచల్ పల్లెలో పుట్టి, బాల్యంలోనే వినికిడి పోగొట్టుకుని, అమెరికాలో బధిరుల కోసం నడిచే గాలాడెట్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడు. ఊరూరికీ కొన్ని సైగలు మారినా, ఈ నగరాల బధిరుల మధ్య గట్టి భాషాబంధం ఉందని వాళ్లు చూపారు. సొరకాయ అన్నా ఆనపకాయ అన్నా తెలుగే అయినట్టు, ఆ తేడాలన్నీ ఒకే భాష కడుపులోవి. తర్వాత ఉల్రికె జెషన్ ఆ భాష వ్యాకరణాన్ని వివరంగా రాసింది. 2001లో ముంబయి సంస్థలోనే సంజ్ఞా భాష తరగతులు మొదలయ్యాయి.

ఆ వ్యాకరణంలో తెలుగువారికి దగ్గరగా తోచే సంగతి ఒకటుంది. భారతీయ సంజ్ఞా భాషలో ప్రశ్నార్థక సైగ సాధారణంగా వాక్యం చివరికి వస్తుంది. 'మీ పేరు ఏమిటి?' అని మనం అడిగే వరుసలోనే చేతులూ అడుగుతాయి. ముఖంలో కదిలే భావం కూడా ఆ వ్యాకరణంలో భాగమే. అది ఇంగ్లీషుకు నకలు కాదు, హిందీకి చేతిరాత కాదు. తనకు తానుగా పెరిగిన భాష.

కేంద్రం కోసం పోరాటం

2006 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, భాష అంటే మాట్లాడే భాషలతో పాటు సంజ్ఞా భాషలు కూడా అని తేల్చి చెప్పింది. 2007 అక్టోబరులో భారతదేశం దాన్ని ధ్రువీకరించింది. పదకొండో పంచవర్ష ప్రణాళిక బధిరుల అవసరాలు ఇన్నాళ్లూ వెనకబడ్డాయని ఒప్పుకుని, సంజ్ఞా భాషకు పరిశోధన, శిక్షణ కేంద్రం కావాలంది. 2010-11 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి ప్రణబ్ ముఖర్జీ ఆ కేంద్రాన్ని ప్రకటించారు. కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ నూట ముప్ఫై ఏళ్ల నాటి మిలాన్ తీర్మానాలను తోసిపుచ్చి విచారం తెలిపింది కూడా ఆ 2010లోనే.

2011 అక్టోబరులో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) ఆవరణలో కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 2013లోనే అక్కడి కేంద్రం మూతపడింది. 2015 ఏప్రిల్‌లో ప్రభుత్వం దాన్ని వినికిడి లోపాల సంస్థ ఢిల్లీ ప్రాంతీయ కేంద్రంలో కలిపేయాలని ఉత్తర్వు ఇచ్చింది. కాగితం మీద చూస్తే అది మామూలు విలీనమే. బధిరులకు మాత్రం అది పాత కథే మళ్లీ మొదలవడం. చెవిని బాగుచేసే చోట భాషను కూర్చోబెడితే భాష మళ్లీ చికిత్స కింద జమ అవుతుందని వాళ్లకు అనుభవం చెప్పింది. నిరసనలకు దిగారు, మంత్రులను కలిశారు. 2015 సెప్టెంబరు 22న కేంద్ర మంత్రివర్గం భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని ప్రత్యేక సొసైటీగా నెలకొల్పడానికి ఆమోదం తెలిపింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైన రోజు అది. ప్రణాళిక ఎవరి కోసమో వాళ్లే దాని ఆకారాన్ని మార్చగలిగారు.

నిఘంటువు నుంచి బడికి

ఆ తర్వాత పని వేగం అందుకుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం సంజ్ఞా భాషలో అర్హత ఉన్న ఉపాధ్యాయులను, వికలాంగులైన ఉపాధ్యాయులతో సహా, తయారుచేసి నియమించమని ప్రభుత్వాలకు చెప్పింది. 2018 మార్చిలో 3,000 పదాలతో తొలి నిఘంటువు వచ్చింది. 2019లో అది 6,000కు, 2021 ఫిబ్రవరిలో 10,000కు పెరిగింది. న్యాయం, వైద్యం, పరిపాలన, వ్యవసాయం వంటి రంగాల పదాలు అందులో చేరాయి. ఆసుపత్రిలో నొప్పి చెప్పుకోవడానికి, కోర్టులో సాక్ష్యమివ్వడానికి, తరగతిలో విజ్ఞానశాస్త్రం చదవడానికి ఆ పదాలు దారి వేస్తాయి. 2020 అక్టోబరులో ఎన్‌సీఈఆర్‌టీ తన పాఠ్యపుస్తకాలను సంజ్ఞా భాషలోకి తెచ్చేందుకు ఈ కేంద్రంతో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యావిధానం, దేశమంతటికీ సంజ్ఞా భాషను ప్రామాణికం చేయాలంటూనే స్థానిక సైగలను గౌరవించాలంది. 2021 జూలైలో జాతీయ సార్వత్రిక విద్యాపీఠం (ఎన్‌ఐఓఎస్) సెకండరీ స్థాయిలో అది భాషా పాఠ్యాంశమైంది. 2023 సెప్టెంబరులో బధిర న్యాయవాది సారా సన్నీ దుబాసీ సాయంతో సుప్రీంకోర్టు విచారణలో పాల్గొన్నారు. 2024 డిసెంబరులో పీఎం ఇ-విద్య కింద సంజ్ఞా భాషకు ఒక టీవీ ఛానెల్ వచ్చింది.

మిగిలిన గడి

ఇంత జరిగినా ఈ భాషకు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు. స్వీడన్ తన సంజ్ఞా భాషను 1981లోనే గుర్తించింది. న్యూజిలాండ్ 2006లో, దక్షిణాఫ్రికా 2023లో అధికార భాష హోదా ఇచ్చాయి. అయితే హోదా కన్నా తొందరగా కావలసినది ఇంకొకటుంది. బధిర పిల్లల్లో అత్యధికులు వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు. ఆ తల్లికి సైగలు రావు, బిడ్డకు మాట అందదు. భాష పట్టుబడే తొలి అయిదేళ్లు ఇద్దరి మధ్యా నిశ్శబ్దంగా జారిపోతాయి. పదో తరగతిలో పాఠ్యాంశం పెట్టి ఆ అయిదేళ్లను తిరిగి తేలేం. ఆరోగ్యశ్రీ కింద, చెవిలో వినికిడి పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సకు తెలుగు నేల ముందుగానే ఖర్చు పెట్టింది, అది ఎన్నో ఇళ్లకు ఆసరా అయింది. ఆ శ్రద్ధే భాష మీదా పెట్టాలి. బిడ్డ వినలేదని తేలిన వారంలోనే సైగలు నేర్పే బధిర ఉపాధ్యాయుడు ఆ ఇంటి గడప తొక్కాలి. శస్త్రచికిత్స చేయించుకున్న బిడ్డకైనా, చేయించుకోని బిడ్డకైనా భాష ఆగకూడదు.

తర్వాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. మాతృభాష గడి మళ్లీ ప్రతి ఇంటికీ వస్తుంది. తల్లి మాట్లాడే భాషేదని ఇంట్లో వాళ్లను అడిగి ముందుకు సాగకుండా, ఆ బధిరుడి ఎదుటే కూర్చుని 'మీ భాష ఏది?' అని అడగాలి. చేతులతో అడిగినా ఆ ప్రశ్న వరుస ఇదే. జవాబు ఆయనే చెబుతాడు.