పాషాణం

సంస్కృతంలో పాషాణమంటే వట్టి రాయి. తెలుగులోకి వచ్చాక దానికి విషమెక్కింది. ఫలానావాడు పాషాణం కొన్నాడంటే ఎలుకల కోసమేనా అని ఊరంతా ఆరా తీస్తుంది. ఆ విషం ఖనిజాల్లోంచి వచ్చేది గనక రాయి పేరు దానికి అంటుకుంది. ఆయుర్వేదులు గౌరీపాషాణమని ముద్దుగా పిలిచే తెల్లపొడే నేటి ఆర్సెనిక్ ట్రయాక్సైడ్.

ఆర్సెనిక్ ప్రయాణం ఇంకా పొడుగు. పారసీకంలో జర్ అంటే బంగారం. పసుప్పచ్చగా మెరిసే ఒక ఆర్సెనిక్ ఖనిజానికి ఆ రంగును బట్టే జర్నీఖ్ అని పేరు. మనవాళ్లు దాన్ని హరిదళం, తాళకం అన్నారు. జర్నీఖ్ గ్రీసు చేరి ఆర్సెనికోన్ అయింది. వాళ్ల భాషలో అలాగే వినబడే మాటకు ‘మగటిమి గల’ అని అర్థం. పొరుగు మాటకు సొంత అర్థం అంటగట్టే సరదా మనకొక్కరికే లేదన్నమాట! జర్ మన హిరణ్యానికి జ్ఞాతి. ధర్మవరం చీర అంచున జరీగా కూచున్నదీ అదే.

1970లలో చైనాలోని హర్బిన్ వైద్యులు ఈ విషాన్ని అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ మీద ప్రయోగించారు. ఒకప్పుడు రోజుల్లో ప్రాణం తీసిన ఆ జబ్బు ఇప్పుడు చాలామందికి పూర్తిగా నయమవుతోంది.

పేచీ గుండె దగ్గర. జాలిలేనివాణ్ణి పాషాణహృదయుడంటాం. నిజం పాషాణం ఒంట్లోకి వెళ్తే గుండె గట్టిపడదు, తడబడుతుంది. కొట్టుకున్న ప్రతిసారీ గుండె కణాలు పొటాషియాన్ని బయటికి పంపి మళ్లీ సిద్ధమవుతాయి. ఆర్సెనిక్ ఆ దారికి అడ్డుపడుతుంది. ఈసీజీలో క్యూ నుంచి టీ దాకా ఉండే నిడివి సాగుతుంది. అది 500 మిల్లీసెకండ్లు దాటితే డాక్టర్లు మందు ఆపి, ముందు లవణాల లెక్క చూస్తారు. వాంతులతో, విరేచనాలతో పొటాషియం, మెగ్నీషియం తరిగిపోయిన రోగికి ముప్పు మరీ ఎక్కువ.

తాళకంతో తాళం తప్పిందనాలని నాలుక దురద పెడుతోంది. కానీ ఇచ్చేది తాళకం కాదు, తెల్లపాషాణం. పైగా ఆ రెండు మాటలకూ వరస కలిపే సాహసం నాకు లేదు.

లయ బొత్తిగా చెడితే ఈసీజీ గీతలు మెలితిరుగుతాయి. 1966లో డెసర్టెన్ అనే ఫ్రెంచి వైద్యుడు దానికి టొర్సాడ్ ద ప్వాంత్ అని పేరు పెట్టాడు. టొర్సాడ్ అంటే తెరల అంచులకు కుట్టే మెలితిప్పిన అల్లికతాడు. వైద్యుడికి దర్జీ కన్ను! ఆ గీత కనబడగానే నరంలోకి ఎక్కించేది మెగ్నీషియం. ఆ పేరు కూడా గ్రీసుకే పోతుంది, మాగ్నీసియా అనే సీమకు.