బూడిద పాదుల్లో ద్రాక్ష

ఆఫ్రికా తీరానికి 125 కిలోమీటర్ల దూరాన అట్లాంటిక్‌లో ఉన్న లాన్సరోటే, స్పెయిన్ ఏలుబడిలోని కనరీ దీవుల్లో ఒకటి. ఆ దీవి దక్షిణ కొసన ఉన్న మున్సిపాలిటీ యాయిసా. ఏడాదికి సగటున పడే వాన 150 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నదులు లేవు. అయినా 18వ శతాబ్దం మొదట్లో ఇక్కడి వాళ్లు గోధుమ, బార్లీ పండించి పక్క దీవులకూ పంపేవారు.

1730 సెప్టెంబర్ 1 రాత్రి తొమ్మిది, పది గంటల మధ్య తిమన్‌ఫాయా ఊరి దగ్గర నేల పగిలి నిప్పు కక్కింది. ఆ మంటలు ఆగి ఆగి 1736 ఏప్రిల్ దాకా సాగాయి. యాయిసా చర్చి మతాధికారి ఆంద్రేస్ లొరెంసో కుర్బేలో ఏ రోజు ఏ ఊరు లావాలో కలిసిందో, పశువులు ఎలా చచ్చిపడ్డాయో రాసిపెట్టాడు. ఆయన రాత 1731 డిసెంబరుతో ఆగిపోతుంది. అప్పటికి జనం మూటాముల్లె సర్దుకుని గ్రాన్ కనారియాకు తరలిపోయారు. అన్నీ చల్లారాక చూస్తే దీవిలో దాదాపు నాలుగో వంతు, అంటే సుమారు 200 చదరపు కిలోమీటర్లు లావా కిందికి వెళ్లిపోయింది. దాని చుట్టుపక్కల పొలాల మీద నల్లటి రాతి నలుసులు మేట వేశాయి. స్థానికులు వీటిని రోఫే, పికోన్ అంటారు.

లావా గడ్డకట్టిన చోట చేయగలిగింది ఏమీ లేదు. నలుసులు పడిన చోట మాత్రం రైతులకు ఒక సంగతి తెలిసివచ్చింది. గుల్లగా ఉండే ఆ పొర పడ్డ వాన చినుకును చప్పున కిందికి దించుతుంది, మళ్లీ ఎండకు ఆవిరి కానివ్వదు. దాని అడుగున పాత మట్టి చెమ్మగానే ఉంటుంది. ఆ మట్టిని అందుకోవడమే అసలు పని. లా హేరియా లోయలో నలుసుల పొర మనిషి ఎత్తును మించిన చోట్లున్నాయి. అందుకని గరాటు ఆకారంలో గుంతలు తవ్వారు. కొన్నిటి లోతు మూడు మీటర్ల దాకా వస్తుంది. అడుగున ఒకటో రెండో ద్రాక్ష తీగలు నాటి, ఈశాన్యం నుంచి ఏడాది పొడవునా వీచే గాలికి అడ్డంగా గుంత అంచున అర్ధచంద్రాకారంలో రాళ్లు పేర్చారు. సున్నం లేదు, మట్టి లేదు. రాయి మీద రాయి, అంతే. అంత పెద్ద గుంతకు ఒక్క తీగ ఏమిటని కొత్తవారికి అనిపిస్తుంది, కానీ ఆ వానకు అంతకంటే ఎక్కువ బతకవు. అక్కడ ఎక్కువగా కనిపించే రకం మల్వసియా వోల్కానికా. నలుసులు సహజంగా పడని చోట్ల రైతులే వాటిని తెచ్చి పొలంలో పరిచి ఉల్లి, చిలగడదుంప వేశారు. ఆ బరువులు మోసింది, నాగళ్లు లాగింది ఒంటెలు. ఊగా గ్రామంలో ఇప్పటికీ ఒంటెలను పెంచుతారు. అవి మోసేది ఇప్పుడు పర్యాటకులను.

విస్ఫోటనం సముద్రపు అంచునూ మార్చింది. హనూబియో దగ్గర లావా అడ్డుపడి ఉప్పునీటి మడుగు ఏర్పడగా, 19వ శతాబ్దం చివర అక్కడ ఉప్పు మడులు కట్టారు. అప్పట్లో చేపలు ఊరబెట్టే పరిశ్రమకు ఆ ఉప్పు ఆధారంగా ఉండేది. అదే తీరాన ఎల్ గోల్ఫో దగ్గర సగం కూలిన అగ్నిపర్వతపు బిలంలో నాచు వల్ల పచ్చగా కనిపించే సరస్సు ఉంది.

చూడవచ్చేవారిలో ఎక్కువమంది మాత్రం 1974లో జాతీయ పార్కుగా ప్రకటించిన తిమన్‌ఫాయాకే వెళ్తారు. అక్కడ ఇలారియో గుట్ట మీద నేలలోని గొట్టంలో చెంబెడు నీళ్లు పోస్తే క్షణాల్లో ఆవిరై పైకి ఎగజిమ్ముతాయి. గోతిలో వేసిన ఎండుకంప దానంతటదే అంటుకుంటుంది. ఇలారియో అనే ఒంటరివాడు అక్కడ అంజూర మొక్క నాటాడని, అది వేళ్లూనింది గానీ కాయలేదని ఒక కథ. లాన్సరోటే కళాకారుడు సెసర్ మన్రీకే అక్కడ రూపొందించిన హోటల్లో మాంసం కాల్చేది కూడా ఆ భూమి వేడితోనే.

లా హేరియాను 1994లో రక్షిత ప్రాంతంగా గుర్తించారు. అయితే ఆ గుంతల్లోకి యంత్రం దిగదు. కత్తిరింపు, కోత, గాలికి జారిన నలుసులు ఎత్తిపోయడం, పడిపోయిన రాయిని తిరిగి పేర్చడం అన్నీ చేతిపనే, దిగుబడి చూస్తే తక్కువ. ఆ దృశ్యాన్ని నిలబెడుతున్నది రక్షణ చట్టం కన్నా ఎక్కువగా, ఏటేటా గుంతలోకి దిగే రైతే.