శనగ గింజ ప్రయాణం: సూరత్ రేవు నుంచి వ్యాయామశాల దాకా



ఈ పాఠంలో మనం పరిశీలించబోయే ప్రశ్న మొదటి చూపుకు చరిత్ర ప్రశ్నలా కనిపించదు. వ్యాయామం చేస్తూ శరీర దారుఢ్యం పెంచుకోవాలనుకునే వారి ఆహారంలో హమ్మస్ అనే అరబ్బు వంటకానికి చోటు ఉందా? ఇది ఆహార శాస్త్రం తేల్చవలసిన విషయమని మీరు అనవచ్చు. నిజమే. అయితే ఆ వంటకం ఏ గింజతో తయారవుతుందో, ఆ గింజ మన దేశంలో ఎవరికి బలమిచ్చిందో తెలుసుకుంటే సమాధానం మరింత స్పష్టమవుతుంది. అందుకోసం మనం సూరత్ నగరానికి వెళ్దాం.

ప్రశ్న ఎందుకు వచ్చింది?

గుజరాత్‌లో తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్ నేడు వస్త్ర పరిశ్రమకు, వజ్రాల సానకు పేరుపొందిన నగరం. అక్కడి లింబాయత్ ప్రాంతంలో తెలుగు మాట్లాడే కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల చేనేత కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, 20వ శతాబ్దంలో బతుకుదెరువు కోసం షోలాపూర్, భీవండి, సూరత్ వంటి చోట్లకు తరలివెళ్లారు. చేతిమగ్గం వదిలి మరమగ్గం పట్టారు. మరమగ్గాల దగ్గర పన్నెండు గంటల పాటు నిలబడి పనిచేయడం అక్కడ సాధారణం.

ఇటువంటి ఇంట్లో పుట్టి కళాశాలకు వెళ్తున్న యువకుణ్ణి ఊహించుకోండి. సాయంత్రం వ్యాయామశాలకు వెళ్తాడు. అక్కడ హమ్మస్ గురించి వింటాడు. అందమైన డబ్బాలో, ఎక్కువ ధరకు దొరికే ఆ పదార్థమే ఆరోగ్యమనీ, అమ్మ ఉడకబెట్టే శనగ గుగ్గిళ్లు పాతకాలపు చిరుతిండి అనీ అనుకుంటాడు. ఈ అపోహకు వెల ఉంది. తండ్రి మగ్గం దగ్గర నిలబడి సంపాదించిన డబ్బు ఒక వైపు, ఇంటి తిండి పట్ల పిల్లవాడికి కలిగే చిన్నచూపు మరో వైపు. కాబట్టి ఈ ప్రశ్నను జాగ్రత్తగా పరిశీలించాలి.

గింజ పుట్టుక

హమ్మస్ అనే అరబ్బీ మాటకు అర్థం శనగలు అనే. వంటకం పూర్తి పేరు 'హమ్మస్ బి తహీనా', అంటే నువ్వుల ముద్ద కలిపిన శనగలు. కాలక్రమంలో గింజ పేరే వంటకానికీ స్థిరపడింది.

శనగ మొక్కకు పూర్వరూపమైన అడవి జాతి నేటి టర్కీ ఆగ్నేయ భాగంలో ఇప్పటికీ పెరుగుతుంది. సుమారు పది వేల సంవత్సరాల క్రితం, మానవుడు గోధుమను, బార్లీని సాగు చేయడం నేర్చుకున్న కాలంలోనే, ఆ ప్రాంతంలో శనగ కూడా పంటగా మారింది. అక్కడి నుంచి పడమరగా మధ్యధరా తీరానికి, తూర్పుగా మన ఉపఖండానికి వ్యాపించింది. సింధు నాగరికత కాలపు స్థలాల్లో శనగ గింజల అవశేషాలు లభించాయి. సంస్కృతంలో దీని పేరు చణకం, గుజరాతీలో చణా. రోమన్ వక్త సిసిరో ఇంటిపేరు శనగకు లాటిన్‌లో ఉన్న 'సిసెర్' అనే మాట నుంచి వచ్చిందని ప్రాచీన రచయిత ప్లూటార్క్ రాశాడు.

శనగల్లో రెండు రకాలు ఉన్నాయి. చిన్నగా, గోధుమ రంగులో, మందమైన పొట్టుతో ఉండేవి దేశవాళీ శనగలు. పెద్దగా, తెల్లగా, పలుచని పొట్టుతో ఉండేవి కాబూలీ శనగలు. హమ్మస్‌కు వాడేది ఈ రెండో రకం. కాబూల్ వైపు నుంచి వచ్చింది కాబట్టి మనవారు దానికి ఆ పేరు పెట్టారు.

రేవు పట్టణం, రెండు ధరలు

అక్బర్ 1573లో సూరత్‌ను జయించాడు. ఆ తరువాత శతాబ్దానికి పైగా అది మొఘల్ సామ్రాజ్యపు ప్రధాన రేవుగా వెలిగింది. ఎర్ర సముద్ర తీరంలోని మోఖా, జిద్దా రేవులకు, పర్షియా సింధుశాఖలోని బస్రాకు ఇక్కడి నుంచి ఓడలు వెళ్లేవి. మక్కా యాత్రికులు ఇక్కడే ఓడ ఎక్కేవారు. నగరంలోని మక్కాయి పూల్ అనే వంతెన పేరు ఆ జ్ఞాపకాన్ని ఇప్పటికీ నిలిపి ఉంచింది. షాజహాన్ కాలంలో, 1644లో, బాటసారుల కోసం కట్టిన మొఘల్ సరాయి భవనంలో నేడు నగరపాలక సంస్థ కార్యాలయం నడుస్తోంది. అరబ్బులు, పర్షియన్లు, తుర్కులు, ఆర్మేనియన్లు, ఆంగ్లేయులు, డచ్చివారు ఒకే బజారులో తిరిగిన నగరం అది. హమ్మస్ పుట్టిన అరబ్బు ప్రపంచంతో సూరత్ పరిచయం అంత పాతది.

ఇక్కడ ఒక విలువైన ఆధారాన్ని గమనించాలి. అక్బర్ ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ 16వ శతాబ్దం చివర రచించిన ఐన్-ఇ-అక్బరీలో ధాన్యాల ధరల పట్టిక ఉంది. ఆ పట్టికలో ఒక మణుగు కాబూలీ శనగల ధర 16 దాములు, నల్ల శనగల ధర 8 దాములు. గోధుమలు 12 దాములు. అంటే దూరం నుంచి వచ్చిన పేరున్న గింజ సొంత నేల గింజకు సరిగ్గా రెట్టింపు ధర పలికింది. నల్ల శనగలు గోధుమల కన్నా కూడా చౌక. నాలుగు వందల ఏళ్ల తరువాత నేటి దుకాణంలోనూ కాబూలీకి, దేశవాళీకి ధరలో తేడా ఉంది. కానీ ధరలోని తేడా బలంలోని తేడా అవుతుందా?

ఆ కాలపు జీవితమే ఇందుకు సమాధానం ఇస్తుంది. బరువు లాగే గుర్రాలకు, యుద్ధానికి వెళ్లే గుర్రాలకు మన దేశంలో శనగలు, ఉలవలు పెట్టేవారు. ఇంగ్లీషువారు శనగలకు వాడిన 'గ్రామ్' అనే పేరు గింజ అని అర్థమిచ్చే పోర్చుగీసు మాట నుంచి వచ్చింది. కుస్తీ పట్టే మల్లులు తెల్లవారుజామున నానబెట్టిన శనగలు తినడం ఉత్తర భారతపు అఖాడాల్లోనూ, మన తాలింఖానాల్లోనూ ఉన్న అలవాటే. చౌక గింజ మీద ఆధారపడి కష్టపు పని చేసిన శరీరాల చరిత్ర ఇది.

హమ్మస్‌లో ఏముంది?

ఉడికించిన కాబూలీ శనగలు, నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి, ఉప్పు కలిపి మెత్తగా నూరి, పైన ఆలివ్ నూనె పోస్తే హమ్మస్ తయారవుతుంది. ఈజిప్టు, సిరియా ప్రాంతాల్లో 13వ శతాబ్దంలో రాసిన వంట గ్రంథాల్లో దీనికి దగ్గరి వంటకాలు కనిపిస్తాయి. వాటిలో నూరిన శనగలకు వినెగర్ వంటి పులుపు, నూనె, మసాలా దినుసులు చేర్చేవారు.

తెలుగు విద్యార్థికి ఈ జాబితా కొత్తగా అనిపించనవసరం లేదు. పప్పు, పులుపు, వెల్లుల్లి, ఉప్పు కలిపి నూరడాన్ని మనం పచ్చడి అంటాం. వేయించిన శనగపప్పుతో, ఎండుమిరపకాయలతో, చింతపండుతో రోట్లో నూరే శనగపప్పు పచ్చడి ఇదే కుటుంబానికి చెందింది. నువ్వుల పొడి, నువ్వుల పచ్చడి మనకున్నాయి. సంక్రాంతికి తెలంగాణ ఇళ్లలో చేసే సకినాల్లో నువ్వులు పడాల్సిందే. శ్రావణ మాసపు నోముల్లో వాయనంగా ఇచ్చేది నానబెట్టిన శనగలనే. మనం ఇందాక ఊహించుకున్న సూరత్ తెలుగు యువకుడి వంటింట్లో హమ్మస్‌లోని రెండు ప్రధాన వస్తువులూ డబ్బాల్లో సిద్ధంగా ఉన్నాయి.

ఈ జోడింపు వెనుక మంచి శాస్త్రమే ఉంది. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలతో ఏర్పడతాయి. శనగల్లో లైసిన్ బాగా ఉంటుంది, మిథియోనిన్ తక్కువ. నువ్వుల్లో మిథియోనిన్ ఎక్కువ, లైసిన్ తక్కువ. రెండూ కలిసినప్పుడు ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది. శనగలతో అన్నమో, జొన్నరొట్టెనో తిన్నా ఇటువంటి ప్రయోజనమే కలుగుతుంది. పులుపుకు కూడా పని ఉంది. నిమ్మరసంలోని విటమిన్-సి శనగల్లోని ఇనుమును శరీరం గ్రహించేందుకు తోడ్పడుతుంది. అమైనో ఆమ్లాల పేర్లు తెలియని కాలంలోనే వేర్వేరు దేశాల ప్రజలు అనుభవంతో ఇటువంటి కలయికలకు చేరుకున్నారు.

లెక్క వేసి చూద్దాం

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా ప్రారంభమై, 1950ల చివర హైదరాబాదుకు తరలివచ్చింది. డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1971లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికను తరతరాల విద్యార్థులు చదివారు. దాని ప్రకారం 100 గ్రాముల ఎండు శనగల్లో 17.1 గ్రాముల మాంసకృత్తులు, 5.3 గ్రాముల కొవ్వు, 360 కేలరీల శక్తి ఉన్నాయి. శనగపప్పులో మాంసకృత్తులు 20.8 గ్రాములు.

హమ్మస్‌లో నీరు, నూనె కలుస్తాయి కాబట్టి 100 గ్రాములకు మాంసకృత్తులు సుమారు 8 గ్రాములే. కొవ్వు మాత్రం తయారీని బట్టి 10 నుంచి 18 గ్రాముల దాకా ఉంటుంది. ఒకసారి తినేది సాధారణంగా రెండు చెంచాలు, అంటే 30 గ్రాములు. అందులో దొరికే మాంసకృత్తులు రెండున్నర గ్రాములకు మించవు.

భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించిన ప్రమాణం ప్రకారం పెద్దవారికి శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల యువకుడికి ఇది 50 గ్రాములు. కఠిన వ్యాయామం చేసేవారికి అవసరం ఇంకొంత పెరుగుతుంది. ఇందులో రెండు చెంచాల హమ్మస్ వాటా ఇరవయ్యో వంతు. యాభై గ్రాముల ఎండు శనగలు నానబెట్టి గుగ్గిళ్లు చేసుకుంటే ఎనిమిదిన్నర గ్రాములు వస్తాయి, అంటే ఆరో వంతు. పైగా దేశవాళీ శనగల మందమైన పొట్టు వల్ల పీచు పదార్థం కాబూలీ శనగల కన్నా ఎక్కువ. శనగల్లోని పిండి పదార్థం నెమ్మదిగా జీర్ణమవుతుంది, రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగదు. అందుకే త్వరగా ఆకలి వేయదు.

దీన్ని బట్టి హమ్మస్‌కు వ్యాయామం చేసేవారి ఆహారంలో తప్పకుండా చోటు ఉందని చెప్పవచ్చు. అయితే ఆ చోటు పచ్చడిది, పప్పుది కాదు. భోజనానికి రుచిని, మంచి కొవ్వును, కొంత పీచును చేర్చే అనుబంధంగా అది మంచిదే. కండరాలకు కావలసిన మాంసకృత్తులకు అదే ప్రధాన ఆధారమని నమ్మితే లెక్క తప్పుతుంది.

సూరత్ వంటింటి పాఠం

శనగ విషయంలో సూరత్ తనదైన దారి పట్టింది. అక్కడి ప్రసిద్ధ ఉదయపు ఫలహారం లోచో. శనగపప్పును నానబెట్టి, రుబ్బి, పులియబెట్టి, ఆవిరి మీద ఉడికిస్తారు. ఖమణ్‌కు దగ్గరి బంధువైన ఈ వంటకం మెత్తగా, జారుగా ఉంటుంది. నానబెట్టడం, పులియబెట్టడం వల్ల కడుపు ఉబ్బరం కలిగించే కొన్ని చక్కెరలు తగ్గుతాయి. ఆవిరి మీద ఉడికించడానికి నూనె అక్కరలేదు. ఇంతవరకు ఇది ఏ ఆహార నిపుణుడైనా మెచ్చే పద్ధతి.

కానీ వడ్డించేటప్పుడు దాని మీద నూనె గాని వెన్న గాని వేసి, గుప్పెడు సేవ్ చల్లుతారు. ఆ సేవ్ కూడా శనగపిండే, నూనెలో వేగింది. ఒకే గింజ ఒకే పళ్లెంలో కింద తేలికైన ఆహారంగానూ, పైన బరువైన ఆహారంగానూ కనిపిస్తుంది. హమ్మస్‌కూ ఇదే వర్తిస్తుంది. కీరా, క్యారట్ ముక్కలతోనో జొన్నరొట్టెతోనో తింటే ఒక ఫలితం, వేయించిన చిప్స్‌తో తింటే మరో ఫలితం. గింజ ఒక్కటే అయినా దానికి తోడుగా చేరేవే తేడా తెస్తాయి.

ముగింపు

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ పరిశోధన సంస్థ శనగ మీద విశేష కృషి చేసింది. 2013లో శనగ జన్యుక్రమాన్ని వెల్లడించిన అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందానికి నాయకత్వం వహించింది కూడా ఆ సంస్థే. త్వరగా పండే మేలైన రకాలు రావడంతో కర్నూలు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూముల్లో శనగ ముఖ్యమైన పంటగా ఎదిగింది. అంటే మనం మాట్లాడుతున్న గింజ పరాయిది కాదు, మన రైతు పొలంలో పండుతున్నదే.

కాబట్టి విద్యార్థులారా, హమ్మస్‌ను తిరస్కరించవలసిన అవసరం లేదు, పూజించవలసిన అవసరమూ లేదు. అరబ్బు ప్రజలు శనగను, నువ్వును కలిపి సాధించిన చక్కని వంటకంగా దాన్ని గౌరవించండి. వీలైతే ఇంట్లోనే నల్ల శనగలతో, వేయించిన నువ్వులతో, నిమ్మరసంతో నూరి చూడండి. అక్బర్ కాలపు పట్టికలో ఎనిమిది దాముల గింజ పదహారు దాముల గింజకు బలంలో తీసిపోలేదు. ఆ మాట మగ్గం దగ్గర నిలబడిన మీ పెద్దల శరీరాలకు తెలుసు. దాన్ని లెక్కలతో, ఆధారాలతో తెలుసుకోవడం చదువుకున్న మీ వంతు.

ఆలోచించండి

1. మీ ఇంట్లో ఒక వారం పాటు శనగలు, శనగపప్పు, శనగపిండి ఏయే రూపాల్లో వాడారో రాయండి. వాటిలో ఉడికించినవి ఎన్ని, నూనెలో వేయించినవి ఎన్ని?

2. మీ ప్రాంతపు బజారులో కాబూలీ శనగల ధర, దేశవాళీ శనగల ధర కనుక్కోండి. ఆ నిష్పత్తిని ఐన్-ఇ-అక్బరీలోని నిష్పత్తితో పోల్చండి.