నిలవ ఉప్పునీటికి గాలి

సముద్రపు నీటిని తెచ్చి కదలకుండా నిలవ ఉంచితే పాడవుతుంది. అందులోని సూక్ష్మజీవులు ప్రాణవాయువును వాడేస్తాయి, గాలి నుంచి కొత్తగా కలిసేది పైపొరలోనే ఆగిపోతుంది. పైగా ఉప్పునీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. 28 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 7.8 మిల్లీగ్రాములు కరిగితే, సముద్రపు నీటిలో ఆరున్నరకు లోపే.

ఈ ఇబ్బందికి మందు మొదట గాజుతొట్టెల వాళ్లకు దొరికింది. 1871లో తెరిచిన లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియంలో విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ అడుగున చీకటి తొట్టిలో నీరు నిలవచేసి, పంపులతో రాత్రింబవళ్లు పైతొట్టెల్లోకి తిప్పాడు. 1909లో మద్రాసు మెరీనా మీద అక్వేరియం వెలిసింది. సముద్రం గుమ్మంలోనే ఉంది కాబట్టి నీటికి అక్కడ వెతుకులాట లేదు.

ఆంధ్రలో ఇదే ఇబ్బంది నిజాంపట్నం, రేపల్లె, బాపట్ల తీరపు చవిటి నేలల్లో రొయ్యల సాగుకు ఎదురైంది. 1990 ప్రాంతంలో టైగర్ రొయ్య చెరువులు తవ్వినప్పుడు నీరు మార్చడమే వైద్యం. క్రీకు నీరు ఇంజన్లతో తోడి పెట్టేవారు, పాత నీరు మళ్లీ అదే క్రీకులోకి వదిలేవారు. ఒకరు వదిలింది పక్కవారు తోడుకునేవారు. డబ్బు కురిసే ఆ రోజుల్లో దీని గురించి ఆలోచించే తీరిక ఎవరికుంది? 1994-95లో తెల్లమచ్చ వ్యాధి ఆంధ్ర తీరాన్ని చుట్టేసింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది.

పద్ధతి మారడానికి కోర్టుకన్నా రోగభయమే ఎక్కువ పనిచేసింది. క్రీకు నీరు నేరుగా చెరువులోకి రాకూడదు. ముందు రిజర్వాయర్ చెరువులో నిలవాలి, బ్లీచింగ్ పడాలి, క్లోరిన్ పోయేదాకా గాలి తగలాలి. హేచరీల్లోనూ ఇదే వరస. సముద్రపు నీరు ఇసుక ఫిల్టర్లు దాటి తొట్టెల్లో చేరుతుంది, క్లోరిన్ పట్టించాక బ్లోయర్ గొట్టాల చివర ఎయిర్ స్టోన్లు దాన్ని ఉడికినట్టు కదిలిస్తుంటాయి. రోగం నీటిని నిలవ చేయించింది. నిలవ చేసిన పాపానికి దాన్ని చిలకక తప్పలేదు.

2009లో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చాక చిలకడం రెట్టింపైంది. చదరపు మీటరుకు 60 పిల్లల దాకా వదలవచ్చన్నారు. నీరు మార్చడం బాగా తగ్గింది, ఆ లోటు తైవాన్ పద్ధతి చక్రాల ఏరియేటర్ల మీద పడింది. ఇవి నీటిని ఎగరేసి గాలి పట్టిస్తాయి, చెరువంతా ఒకే దిక్కున తిప్పి మురుగును నడిమధ్యకు చేరుస్తాయి. పగలు పాచి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తానే తింటుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ స్థాయి అట్టడుగుకు పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే గంటల్లో రొయ్యలు పైకి తేలతాయి.